చీటీ లేని గాజు

మా అమ్మ కుడిచేయి గురించి చెప్పాలంటే ముందు ఆ చేయి చేసిన పని గురించి చెప్పాలి.

బాన్సువాడ బజారులో మాది గాజుల దుకాణం. చేతిగాజులతో పాటు లాంతరు చిమ్నీలు, అద్దాలు, సీసాలు, పింగాణీ కప్పులు కూడా ఉండేవి. కింద పడితే పగిలేది ఏదైనా మా దగ్గర దొరికేది. సరుకు తేవడం బాపు పని, బేరం నా పని. తొడగడం మాత్రం అమ్మదే. వచ్చిన మనిషి చేతిని తన ఒళ్లోకి తీసుకునేది. ఎడమచేత్తో మణికట్టు పట్టుకుని, కుడిచేత్తో బొటనవేలి మొదలును అరచేతిలోకి మడిచి, వేళ్ల ఎముకలను ఒకదాని మీదికి ఒకటి జరిపినట్టు నొక్కేది. అంత చేయీ సన్నబడి మొనదేలేది. గాజు జారి మణికట్టు మీద పడేది. వరినాట్లు వేసి, చెరకు కొట్టి మొద్దుబారిన చేతులు అవి. తండాల నుంచి వచ్చే ఆడవాళ్ల చేతులైతే చెక్కలాగా ఉండేవి. అయినా అమ్మ చేతిలో గాజు పగలడం నేను వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని సార్లే చూశాను.

నస్రుల్లాబాద్ నుంచి ఒకామె పండక్కి పండక్కి వచ్చేది. ప్రతిసారీ అదే మాట అనేది.

"అక్కా, నీ చేతుల ఏం మందు పెట్టుకున్నవే? మా ఊరికొచ్చేటాయన తొడిగితె తోలు లేస్తది."

"మందు గాదు, ముచ్చట. నువ్వు ముచ్చట చెప్తుండంగ నేను ఎక్కిస్త. నోరు మూసుకుంటె చెయ్యి బిగుస్తది."

ఆ ముచ్చట అయ్యేలోపు నేను ఆమె భర్తతో బేరం తెంపేవాణ్ణి. బేరంలో నాకు సిగ్గు ఉండేది కాదు. చిట్లిన కప్పును చిట్లినవైపు నా దిక్కు తిప్పి పట్టుకుని, "గిట్లాంటిది పట్నంల గూడ దొరకది" అని గట్టిగా చెప్పగలిగేవాణ్ణి.

నాకు దుకాణంలో కూర్చునే వయసు రాగానే అమ్మ రెండు పనులు నేర్పింది. గాజు వస్తువును తుడవకుండా గిరాకి చేతిలో పెట్టకూడదు. చీటీ తీయకుండా గడప దాటనీయకూడదు. పట్నంలో టోకు దుకాణం వాళ్లు ప్రతి వస్తువు మీదా చిన్న కాగితం చీటీ అంటించేవాళ్లు. దాని మీద వాళ్ల గుర్తులు, నంబర్లు ఉండేవి. అందులోనే మాకు పడిన ధర కూడా ఉండేది.

"పరాయోని చీటీతోని సరుకు మన గడప దాటొద్దు బిడ్డా. గిరాకి చదివిండంటె ఇగ నువ్వెంత మొత్తుకున్నా దండుగే" అనేది.

బొటనవేలు తడిచేసి చీటీ మీద కాసేపు ఆనించాలి. కాగితం నానాక అంచు నుంచి చుట్టుకుంటూ రావాలి. మిగిలిన జిగురును చిటికెడు ముగ్గుపిండి, మెత్తటి గుడ్డతో తీసేయాలి. ఏళ్లు గడిచేకొద్దీ ఈ పనికి నా కళ్లు అవసరం లేకుండా పోయింది. నోరు బేరం చేస్తుంటే వేళ్లు చీటీ పీకేవి. ఆ వేళ్ల నైపుణ్యం గురించి అప్పుడు నాకు చాలా గర్వంగా ఉండేది.

డెబ్బైల దశకం సగానికి వచ్చేసరికి అమ్మ కుడి మోచేతి కింద నొప్పి మొదలైంది. రోజంతా ఎవరి చేతులో నొక్కే మనిషి కదా, పని నొప్పి అనుకున్నాం. పసరు కట్టు కట్టించాం. కట్టు కింద చిన్న గడ్డ లేచింది. నిజామాబాద్ దవాఖానలో ఫొటో తీసి ఎముకలో ఏదో ఉందన్నారు. పట్నం పంపించారు. అక్కడ కోసి, చిన్న ముక్క తీసి పరీక్ష చేశారు. ఆ తర్వాత వాళ్లలో వాళ్లకే మాట కుదరలేదు. ఒకాయన మంచి గడ్డే అన్నాడు. చెక్కేస్తే పోతుంది, చేయి ఉంటుంది అన్నాడు. ఇంకొకాయన తల అడ్డంగా ఊపాడు. బొంబాయి తీసుకుపోండి, అక్కడ దీనికి వేరే దవాఖాన ఉంది అన్నారు. వచ్చేటప్పుడు పరీక్ష సంగతి రాసిన ఒక కాగితం, పాత పత్రికలో చుట్టిన ఒక చిన్న పొట్లం ఇచ్చారు. పొట్లంలో వేలెడు పొడవు గాజు బిళ్లలు ఐదున్నాయి.

బాపు, అమ్మ బొంబాయి పోయేటప్పుడు కాగితం తీసుకున్నారు. పొట్లం తీసుకోలేదు. చదివేది కాగితం కదా, గాజు ముక్కలతో డాక్టర్లకేం పని అనుకున్నాం. గాజు ఎక్కడుండాలో మా ఇంట్లో అందరికీ తెలుసు కాబట్టి, అమ్మ దాన్ని దుకాణంలో చిమ్నీల గూట్లో జాగ్రత్తగా పెట్టి మరీ వెళ్లింది.

ఒక బుధవారం మధ్యాహ్నం పోస్టాఫీసు నుంచి మనిషి వచ్చి ట్రంకాల్ అన్నాడు. దుకాణం అలాగే వదిలి పరుగెత్తాను. గరగరల మధ్య బాపు గొంతు.

"ఆ గాజుబిళ్లలు! చిమ్నీల గూట్లె ఉన్నయంట, మీ అమ్మ చెప్తుంది. అవి తే."

"ఎప్పటికి బాపూ?"

"రేపు పొద్దుగాల పది గంటలకు. డాక్టర్లందరు ఒక్కకాడ కూసుంటరట. అమ్మ చేతిలకెల్లి తీసిన ముక్క వాటి మీదనే ఉన్నదట. అవి చూస్తెనే చెయ్యి ఉంచుడా తీసుడా చెప్తరట. రేపు తప్పితె మల్ల పదిహేను దినాలకు కూసునుడు."

"ఇప్పుడు బయలుదేరితె రైలు అందదు గదా."

బాపు గొంతు పెంచాడు.

"రైలు ఎవ్వడెక్కుమన్నడు? గాలిమోటర్ ఎక్కు."

కామారెడ్డి పోవాలంటే రెండు బస్సుల కిరాయి పోల్చి చూసి, చవకైన దానికోసం గంటసేపు నిలబడే మనిషి మా బాపు. ఆయన నోట గాలిమోటర్ అనే మాట విన్నాకే నాకు భయం తెలిసింది. అమ్మ చేయి పోవచ్చు అన్నది అప్పటిదాకా ఎవరో డాక్టరు అన్న మాట. ఇప్పుడు బాపు అన్న మాటయింది.

దుకాణానికి వచ్చి పొట్లం దించాను. విప్పగానే ముందు కోపం వచ్చింది. గాజును ఇలాగేనా కట్టేది? ఐదు బిళ్లలూ ఒకదానికొకటి రాసుకుంటూ వట్టి కాగితంలో ఉన్నాయి. ఒక్కో బిళ్ల నడుమ గులాబిరంగు మరక, దాని మీద అంతకన్నా పలచని గాజు రేకు అతికించి ఉంది. ఒక చివర నీలి సిరాతో ఏదో రాసిన చీటీ.

పక్క బట్టల దుకాణం అన్న వచ్చి గడపలో నిలబడ్డాడు. ఆయన ఎప్పుడూ విమానం ఎక్కలేదు, కానీ దాని గురించి ఆయనకు తెలియని విషయం లేదు.

"తమ్మీ, లేసేటప్పుడు చెవులు మూసుకో. కిటికి తెరువకు, టోపీలు ఎగిరిపోతయి."

"నాకు టోపీ ఏడిదన్నా?"

"చెప్తున్న. ఇంకోటి, వాళ్లు చాక్లెట్లు ఇస్తరు. పైసలు అడుగుతరేమోనని వద్దనకు. ఊకెనే ఇస్తరు."

ఆయన చెప్తున్నాడు, నేను జవాబిస్తున్నాను. నా బొటనవేలు నాలుక మీదికి పోయింది. అక్కడి నుంచి మొదటి చీటీ మీదికి పోయింది. తర్వాత రెండోదాని మీదికి. ఐదు బిళ్లల చీటీలనూ తీసేసి, ముగ్గుపిండితో జిగురు పోగొట్టి, వెలుతురుకు పట్టి చూశాను. మెరిసిపోతున్నాయి. పొరపాటున చేశానని చెప్పుకుంటే అబద్ధమవుతుంది. వేళ్లు అలవాటు కొద్దీ మొదలుపెట్టాయి, పూర్తి చేసింది మాత్రం నేనే. బొంబాయి పెద్ద డాక్టర్ల చేతిలో పెట్టే గాజు మరి. బాన్సువాడ గాజులవాళ్లకు శుభ్రం తెలియదని అనుకోకూడదు.

తర్వాత కట్టడం. బియ్యం మిల్లు నుంచి తట్టెడు ఊక తెచ్చాను. చిమ్నీలు మాకు ఊకలోనే వచ్చేవి, ఊకలోనే పోయేవి. బిళ్లకు బిళ్లకు మధ్య దూది పెట్టి, మెత్తటి గుడ్డ చుట్టి, బిస్కెట్ల డబ్బాలో నాలుగు వేళ్ల మందం ఊక పోసి, మధ్యలో ఉంచి, పైన మళ్లీ ఊక నింపి అదిమాను. మూత పెట్టి చెవి దగ్గర ఊపాను. చప్పుడు లేదు. చప్పుడు లేకపోతే ఆ డబ్బా ఎక్కడికైనా పోవచ్చు. అమ్మ ఉంటే తల ఊపేది.

గల్లాపెట్టెలో ఉన్నదంతా తీసుకుని, బట్టల దుకాణం అన్న బలవంతంగా జేబులో పెట్టింది కూడా కలుపుకుని బస్సెక్కాను. డబ్బా ఒళ్లోనే ఉంది. గుంత వచ్చినప్పుడల్లా డబ్బాను ఛాతీకి ఎత్తుకునేవాణ్ణి. పక్కనున్న ముసలామె జరిగి కూర్చుని, "పసిపిల్లనా ఏంది కొడకా?" అంది.

పొద్దున్నే పట్నంలో, బేగంపేట విమానాశ్రయంలో ఉన్నాను. టికెట్ల గుమాస్తా ఒక్క సీటు ఉందన్నాడు. ఆ మాట వినగానే నా నోరు నా చెప్పుచేతల్లో లేకుండా పోయింది.

"ఒక్కటే మిగిలిందా? అది ఖాళీగ పోతె మీకేమొస్తది సార్? మా దగ్గర మాపటికి మిగిలిన సరుకు సగానికిస్తం."

ఆయన కళ్లద్దాల మీది నుంచి చూశాడు. "బాబూ, ఇది అంగడి కాదు."

"పోని, బరువు తక్కువ మనిషిని. సామాను గూడ లేదు, గీ డబ్బా ఒక్కటే."

వెనక ఎవరో నవ్వారు. అవతల అమ్మ చేయి ఉంటుందో ఊడుతుందో తెలియదు, ఇవతల నేను ఆకాశానికి బేరం పెట్టాను. ఆ నవ్వు నాకు ఇప్పటికీ వినపడుతుంది. పూర్తి ధర ఇచ్చాను.

తనిఖీ దగ్గర మూత తీయమన్నారు. తీశాను. పైన పంకా తిరుగుతోంది. ఊక లేచి పోలీసాయన మీసాల్లో, బల్ల మీద, వెనకామె చీర మీద పడింది. ఆయన రెండుసార్లు తుమ్మి, ఊకలో వేలు పెట్టి కెలికి, గుడ్డమూట బయటికి తీశాడు.

"ఇదేంది?"

గాజుబిళ్లలు అంటే సరిపోయేది. "మా అమ్మ చెయ్యి సార్" అన్నాను.

ఆయన బిళ్లల వైపు, నా వైపు చూశాడు. చెదిరిన ఊకను తన చేత్తోనే డబ్బాలోకి నెట్టి ఇచ్చాడు.

విమానంలో నా పక్క సీటులో అరవై దాటిన పెద్దమనిషి కూర్చున్నాడు. ఒళ్లో తువ్వాలు కప్పిన పంజరం. ఇద్దరం ఒళ్లో ఒక్కోటి పట్టుకుని, ఒకరినొకరు చూసుకున్నాం. విమానం అమ్మాయి వచ్చి రెండూ సీట్ల కిందికి పెట్టమంది.

"ప్రాణం ఉందమ్మా ఇందులో" అన్నాడాయన.

"ఇందుల గూడ" అన్నాను నేను.

ఆమె నా డబ్బా వైపు అనుమానంగా చూసింది. చివరికి లేచేటప్పుడు, దిగేటప్పుడు కింద, మిగతా సేపు ఒళ్లో అని తెంపాను. ఆ రోజు నాకు కుదిరిన బేరం అదొక్కటే.

విమానం లేచి నిలకడపడ్డాక ఆయన తువ్వాలు అంచు తొలగించాడు. గోరింక. అది మెడ వాల్చి, నిద్రలేపే ఆడగొంతుతో, "చాయ్ చల్లారుతుంది, లేవండి" అంది. ముందు సీట్లవాళ్లు వెనక్కి తిరిగారు.

"మా ఆవిడ గొంతు" అన్నాడాయన. "ఆవిడ పోయి ఐదు నెలలు. ఇది మానలేదు. బొంబాయిలో బిడ్డ దగ్గర దింపుదామని. నేను పశువుల డాక్టర్ని, రిటైరయ్యాను. వేలకొద్దీ పశువులకు ఆరోగ్య సర్టిఫికెట్లు రాసిన చేయి ఇది. అయినా మీ పిట్టకు మీరు రాసుకుంటే చెల్లదు, ఇంకొకరితో రాయించమన్నారు."

"ఇంత పిట్టకు సర్టిఫికెట్టా?"

"అదొక్కటే కాదు. ఇది చూడండి." పంజరానికి దారంతో కట్టిన అట్ట చీటీ చూపించాడు. "దీని మీది నంబరు, సర్టిఫికెట్ మీది నంబరు ఒకటే ఉండాలి. రెండూ కలిస్తేనే ఇది ఆ పిట్ట. చీటీ ఊడిపోతే సర్టిఫికెట్ ఎంత గొప్పదైనా లాభం లేదు. ఏ గోరింక అని ఎవరు చెప్పాలి? అన్నీ ఒకే రంగు." ఆయన నవ్వి, "మీదేమిటి?" అన్నాడు.

చెప్పాను. గడ్డ, పట్నం డాక్టర్ల తగువు, పది గంటలు, అన్నీ చెప్పాను. మెచ్చుకుంటాడని కట్టిన తీరు కూడా చెప్పాను. ఊక, దూది, చప్పుడు లేకపోవడం. ఎలా తుడిచానో చెప్తూ చెప్తూ, చీటీలు అనే మాట దగ్గర నాకు నేనే ఆగిపోయాను. పంజరానికి వేలాడుతున్న అట్టముక్క విమానం కదలికకు మెల్లగా తిరుగుతోంది.

"వాటి మీద నంబరు ఉండే ఉంటుందే" అన్నాడాయన నెమ్మదిగా.

"తీసేసిన."

ఆయన చేయి చాపాడు. మూట విప్పి ఒక బిళ్ల ఇచ్చాను. కిటికీ వెలుతురుకు పట్టి చాలాసేపు చూశాడు.

"గాజుకేమీ కాలేదు. రంగు చెక్కుచెదరలేదు. చూసేవాళ్లకు అంతా కనిపిస్తుంది." బిళ్లను గుడ్డలో పెట్టాడు. "కానీ ఇది ఎవరిదని అడుగుతారు."

"మా అమ్మదే సార్."

"అది మీకు తెలుసు."

గోరింక మళ్లీ చాయ్ చల్లారుతుందంది. ఈసారి ఎవరూ వెనక్కి తిరగలేదు.

కాసేపటికి నాలోని దుకాణదారు లేచాడు. "నంబరు మా బాపు దగ్గరి కాగితం మీద ఉంటది. చీటీలు నేనే రాసి అంటిస్తె?"

ఆయన నన్ను తిట్టలేదు. జేబులోంచి చిన్న పుస్తకం తీసి, ఒక తెల్లకాగితం చించి ఇచ్చాడు. "అంటించవచ్చు. ఎవరూ పట్టుకోలేరు. ఐదింటి మీదా ఒకే నంబరు ఉండిందా?"

పీకిన చీటీల్లో ఒక్కటీ నేను చదవలేదు.

కాగితాన్ని ఐదు ముక్కలుగా చించి జేబులో పెట్టుకున్నాను. దిగేటప్పుడు ఆయన ఒక చేత్తో పంజరం పట్టుకుని, రెండో చేయి నా భుజం మీద వేసి తీశాడు. మళ్లీ ఆయన్ను చూడలేదు.

పది గంటలకు ఐదు నిమిషాల ముందు దవాఖాన చేరాను. వరండాలో అమ్మ బల్ల మీద కూర్చుని ఉంది. కుడిచేయి ఒళ్లో పెట్టుకుని, ఇంకెవరి చేతినో పట్టుకున్నట్టు ఎడమచేత్తో పట్టుకుని ఉంది. మోచేతి కింద గుడ్డకట్టు. మణికట్టు మీద ఆకుపచ్చ మట్టిగాజులు ఏడు. పట్నంలో కోసినప్పుడు కూడా ఆమె వాటిని తీయనివ్వలేదు. గాజుల మీదుగానే గుడ్డ చుట్టారట.

"వచ్చినవా? పగిలినయా?"

"పగలలే."

"నాకెరుకే" అంది బాపు వైపు తిరిగి.

లోపల డాక్టర్లందరి నడుమ కూర్చున్న పెద్ద డాక్టరు ఒక్కో బిళ్లా వెలుతురుకు ఎత్తి చూశాడు. ఆయన బల్ల మీద చెక్కపెట్టెల్లో అలాంటి బిళ్లలు వందలు ఉన్నాయి. అన్నింటికీ అదే గులాబిరంగు మరక. అన్నింటికీ చీటీలు. ఆయన మా కాగితం తీసి నంబరు చూసి, మళ్లీ బిళ్లను తిప్పి చూసి, హిందీలో అడిగాడు, నంబరేదని.

నా చేయి జేబులోకి పోయింది. ఐదు కాగితం ముక్కలు వేళ్లకు తగిలాయి. బయట ఎక్కడో ఊడి పడిపోయాయి సాబ్, ఒక్క నిమిషం అని వెళ్లి రాసి తెస్తే అయిపోయేది. అంతకన్నా పెద్ద అబద్ధాలు నేను చాయ్ తాగుతూ చెప్పేవాణ్ణి. కానీ చిట్లిన కప్పును తిప్పి పట్టుకుని అమ్మిన చేయి అది. కొనేవాడు ఎంత సులువుగా నమ్ముతాడో నాకు బాగా తెలుసు. నా మాట మీద ఒక చేయి తెగాలంటే, ఆ మాట ఎంత చిల్లరదో కూడా నాకే తెలుసు. ఆ ఐదూ అమ్మవేనని నేను దేవుడి మీద ప్రమాణం చేయగలను. పట్నంలో ఎవరైనా ఒకటి మార్చి కట్టి ఉంటే? చీటీ చదివి ఉంటే తెలిసేది.

"నేనే పీకేసిన సాబ్" అన్నాను. నాకు వచ్చిన హిందీలో దుకాణం సంగతీ అలవాటు సంగతీ చెప్పాను.

ఆయన అరవలేదు. బిళ్లలను ఒక్కొక్కటిగా నా గుడ్డలో పెట్టి, పేరులేని గాజును చూసి నేను మనిషిని కోయలేను అన్నాడు. మళ్లీ ముక్క తీయాలి. మళ్లీ పరీక్ష చేయాలి. డాక్టర్లు మళ్లీ కూర్చునేది పదిహేను రోజులకు.

బయటికి వచ్చాక బాపు నా మీదికి వచ్చాడు.

"చీటీలెందుకు పీకినవ్‌రా? అమ్ముతవా అవి? డాక్టర్ ధర చూస్తడని పీకినవా?"

వరండాలో జనం చూస్తున్నారు. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. అమ్మ ఎడమచేయి చాపి, "ఇటియ్యి" అంది. ఒక బిళ్ల ఇచ్చాను. కిటికీ వైపు ఎత్తి పట్టుకుని, ఒక కన్ను మూసి, చిమ్నీని చూసినట్టు చూసింది.

"జిగురు ఒక్క చుక్క లేకుంట వచ్చింది" అంది. "ముగ్గుపిండితోనేనా?"

"ఊఁ."

"నేను నేర్పిన పనే జేసిండు. వాణ్ణేమంటవ్?" అంది బాపుతో. ఆ తర్వాత చాలాసేపు ఆ మరకను చూస్తూ ఉండిపోయింది. తన చేతిలోపలిది అంత చిన్నగా, అంత అందమైన రంగులో ఉంటుందని అనుకోలేదేమో.

మర్నాడు మళ్లీ కోసి ముక్క తీశారు. ఈసారి నొప్పికి ఆమె మూడు రోజులు నిద్రపోలేదు. పదిహేను రోజులు ధర్మశాలలో ఉన్నాం. పదహారో రోజు చెప్పారు. చేయి మోచేతి పైదాకా తీయాలి, తీస్తే మనిషి దక్కుతుంది.

ఆ పదిహేను రోజులు దేనికైనా తేడా తెచ్చాయా అని నేను అడగలేదు. పిడికెడు బఠానీలు కొన్నా నాలుగు ప్రశ్నలు వేసేవాణ్ణి. ఆ ఒక్కటీ ఆ డాక్టర్ని అడగలేదు, తర్వాత ఏ డాక్టర్నీ అడగలేదు.

ఆపరేషన్ రోజు పొద్దున నర్సు చిన్న కత్తెరలాంటిది తెచ్చి గాజులు తీసేయాలంది. చేయి వాచి ఉంది, రావు, పగలగొట్టాలి అంది. అమ్మకు భాష రాకపోయినా సంగతి అర్థమై చేయి వెనక్కి లాక్కుంది.

"పెనిమిటి ఎదురుంగ కూసున్నడు. పగలగొడతరా?" అంది. ఆ మాటకు బాపు లేచి బయటికి వెళ్లిపోయాడు. అమ్మ నన్ను పిలిచింది. "నువ్వు తియ్యి."

"నేనా? నాకు రాదమ్మా."

"పుట్టినప్పటి సంది చూస్తలేవా? కూసో. నా చెయ్యి ఒళ్లెకు తీస్కో."

తీసుకున్నాను. వేడిగా, బరువుగా ఉంది. అంతమంది చేతులను మెత్తబరిచిన ఆ చేయిని ఒకరు అలా పట్టుకోవడం అదే మొదటిసారి కావచ్చు.

"బొటనవేలు లోపటికి మడువు. ఇంక. భయపడకు, నొప్పి నాకు, నీకు గాదు. ఇగ ముచ్చట చెప్పు."

"ఏం ముచ్చట?"

"ఏదన్న. నోరు మూసుకుంటె చెయ్యి బిగుస్తది. నీది గూడ బిగుస్తుంది చూడు."

గోరింక ముచ్చట చెప్పాను. చాయ్ చల్లారుతుందన్నది చెప్పాను. పోలీసాయన మీసాల్లో ఊక, సగం ధరకు టికెట్ అడగడం చెప్పాను. ఆమె నవ్వింది. నవ్వినప్పుడు వేళ్లు వదులయ్యాయి. ఒక గాజు వచ్చింది. ఇంకొకటి. "సబ్బునురుగ పెట్టు" అంది ఐదోదానికి. ఏడోది బొటనవేలి ఎముక దగ్గర ఆగింది. నేను ముచ్చట అయిపోయి ఆగిపోయాను.

"ఆ పిట్ట మల్ల ఏమన్నది?" అంది.

"లేవండి అన్నది."

ఏడోదీ వచ్చింది. ఒక్కటీ పగలలేదు. బిస్కెట్ల డబ్బా ఊకలోనే వాటిని పెట్టాను.

బాన్సువాడకు వచ్చాక అమ్మ ఆ ఏడు గాజులనూ ఎడమచేతికే వేయించుకుంది. ఒక్క చేతికి పద్నాలుగు. ఎవరైనా చూసి ఏదో అనబోయి ఆగిపోతే, "రెండు చేతులయి ఒక్కదానికే ఉన్నయి" అని తానే చెప్పేది. నేను చీటీలు పీకడం మానేశాను. గిరాకులు చదివి, "అన్నా, నీకు గింతకే పడ్డదిగా" అని పట్టుకునేవారు. బేరంలో ఓడిపోవడం ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. బాపు గొణిగేవాడు, కానీ పీకమని ఎప్పుడూ అనలేదు.

మొదటి పండగకు నస్రుల్లాబాద్ ఆమె వచ్చింది. గడపలో నిలబడి అమ్మ తెగిన చేయి చూసి, చేతులు కొంగు కింద దాచుకుంది.

"అక్కా, నేను మల్ల వస్త."

"మల్లెందుకు? కూసో." అమ్మ ఎడమచేత్తో ఆమె మణికట్టు పట్టుకుని ఒళ్లోకి లాక్కుంది. తర్వాత నా వైపు చూసింది. నేను గల్లాపెట్టె వదిలి అమ్మకు కుడిపక్కన కూర్చుని, నా కుడిచేయి పెట్టాను.

"అమ్మో, అన్న చెయ్యా? మోటుగుంటది."

"మోటుదే. నేర్చుకుంటుండు. బొటనవేలు మడువురా. ఇగ నువ్వు చెప్పు, మీ కోడలు నీళ్లు పోసుకున్నదంటివి, బిడ్డనా కొడుకా?"

ఆమె చెప్పడం మొదలుపెట్టింది. అమ్మ ఎడమచేయి పట్టుకుంది, నా కుడిచేయి నొక్కింది. మొదటి గాజు పగిలింది, రెండోది ఎక్కింది. ఎనభైల్లో అమ్మ పోయేదాకా ఆ దుకాణంలో గాజులు అలాగే తొడిగాం.